రేవు సిద్ధం, ఏరే రావాలి

కొచ్చిలో వాటర్ మెట్రో నడుస్తోంది. 2023 ఏప్రిల్ 25న ప్రధానమంత్రి జెండా ఊపి మొదలుపెట్టారు. అంతా పూర్తయితే 78 పడవలు, 38 రేవులు, 10 దీవులు అని లెక్క. ఆఫీసుకు పోయే గుమాస్తా, బడికి పోయే పిల్లలు, మెడలో కెమెరా వేసుకున్న విదేశీయుడు, అందరిదీ ఒకే పడవ, ఒకే టికెట్టు. ఇస్తాంబుల్లో జనం పొద్దున యూరప్ ఒడ్డున పడవెక్కి, టీ తాగి ఆసియా ఒడ్డున దిగుతారు. వెనిస్‌లో సిటీ బస్సంటేనే పడవ. చరిత్ర ఉన్న ఊరు, ఊరి ముందు నీళ్లు, నీళ్ల మీద సర్కారు పడవ. ఈ మూడూ కుదిరితే పర్యాటకుడికి గైడూ అక్కర్లేదు, ప్యాకేజీ టూరూ అక్కర్లేదు. బస్సు ఛార్జీతో ఊరంతా చూసి రావచ్చు.

మరి మన రాయలసీమకేం తక్కువప్పా? హిందూపురం ఉంది, పెనుకొండ ఉంది, ధర్మవరం ఉంది. చరిత్ర బండ్లకొద్దీ ఉంది. పెన్న ఉంది, చిత్రావతి ఉంది, జయమంగళి ఉంది, కుముద్వతి ఉంది. ఉన్నాయనడానికి జిల్లా మ్యాపులో నీలిగీతలే సాక్ష్యం. ఊరూ ఉంది, ఏరూ ఉంది, ఇక మిగిలింది పడవ. దానికి టెండరు పిలిస్తే సరిపోతుంది. నీళ్ల సంగతేమిటంటారా? అది ఇరిగేషన్ వాళ్లు చూసుకోవలసిన విషయం. పర్యాటకం ఫైల్లో నీళ్ల ప్రస్తావన తెస్తే ఫైలు తడిసిపోతుంది.

కాబట్టి కన్సల్టెంట్లను పెట్టి, కోట్లు పోసి రాయించుకునే ప్రాజెక్టు రిపోర్టును నేను ఉచితంగా రాసి ఇస్తున్నాను. పేరు కూడా పెట్టేశాను: పినాకినీ జలరథం. హిందూపురం నుంచి ధర్మవరం, వయా పెనుకొండ. మన దగ్గర పథకానికి పేరు కుదిరిందంటే సగం పని అయినట్టే. రెండో సగం శిలాఫలకం.

మొదట రూటు మ్యాపు

ఈ మూడు ఊళ్లనూ రైలు ఒకే గీత మీద కలుపుతుంది. ఏరులు మాత్రం అంత మర్యాదగా నడుచుకోలేదు. పెన్న నంది కొండల్లో పుట్టి హిందూపురం దగ్గర మన రాష్ట్రంలోకి దిగుతుంది. దిగి పరిగి, రొద్దం మీదుగా పేరూరు వైపు వెళ్లిపోతుంది. చిత్రావతి కూడా అటు చిక్కబళ్లాపురం సీమలోనే పుట్టి, బాగేపల్లి, పుట్టపర్తి మీదుగా ధర్మవరం చేరుతుంది. ఒకే దిక్కున పుట్టిన ఈ రెండూ దాయాదుల్లాగా దూరందూరంగా నడిచి, కడప జిల్లాకు పోయాక గానీ కలుసుకోవు. పెనుకొండ ఈ రెంటి మధ్యా కొండెక్కి కూచుంది. ఏ ఏరూ దాని కాళ్లు కడగదు.

అంటే హిందూపురంలో పడవెక్కినవాడు ధర్మవరంలో దిగాలంటే పెన్న వెంబడి కడప జిల్లా దాకా పోయి, అక్కణ్నుంచి చిత్రావతికి ఎదురెక్కి రావాలి. పోయే దారిలో పేరూరు డ్యాం, తర్వాత మిడ్ పెన్నార్ డ్యాం. తిరిగొచ్చే దారిలో పార్నపల్లి దగ్గర చిత్రావతి రిజర్వాయరు. ప్యాసింజరు రైల్లో ఒక కునుకు తీసేలోపు అయ్యే ప్రయాణానికి, పడవలో మూడు డ్యాములు దాటాలి. ఇంజినీరు ఎవరైనా ఈ అభ్యంతరం లేవనెత్తితే ‘పరిశీలనలో ఉంది’ అని రాసి సంతకం పెడితే చాలు. ఆయన రిటైరయ్యేదాకా పరిశీలనలోనే ఉంటుంది.

మొదటి రేవు: హిందూపురం

గుత్తి మురారిరావు తన తండ్రి పేరిట వెలయించిన ఊరని చెప్పుకుంటారు. మార్కెట్ యార్డు దగ్గరికి పోతే కళ్లు మూసుకున్నా ఊరు తెలిసిపోతుంది. ఒక పక్క చింతపండు, ఒక పక్క బెల్లం, వాటి మీదుగా గొంతులో గుచ్చుకునే ఎండుమిర్చి ఘాటు. ఇవతలకు లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపన్న కట్టించిన వీరభద్రుడి గుడి, నేలకు ఆనని స్తంభం, ఏకశిలా నంది. ఆ స్తంభం కింద గుడ్డ దూర్చి లాగడానికి దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. ఒక స్తంభం నేలను తాకకుండా నిలబడితే అద్భుతం అంటున్నాం. ఒక ఏరు నీళ్లను తాకకుండా ఇన్నేళ్లు నిలబడింది, దానికి ఒక్క టికెట్టయినా పెట్టారా?

పెన్నలో రేవు ఎక్కడ కడితే బాగుంటుందో చూద్దామని ఏట్లోకి దిగితే, కాలికి తగిలింది ఇసుక, ఇసుక తవ్విన గుంతలు, గుంతల్లో సర్కారు కంప. గొర్రెలు మేపుతున్న ఒక పెద్దాయన కర్ర గడ్డం కింద ఆనించి నిలబడి ఉన్నాడు.

“ఏం పెద్దాయనా, ఇక్కడ పడవ వేస్తే ఎట్లుంటుంది?”

“ఎయ్యండి సామీ. ఎండపొద్దు గొర్రెలు దాని నీడన పండుకుంటాయి.”

ఇంతకంటే సూటిగా ప్రాజెక్టు రిపోర్టు ఏ కన్సల్టెంటూ రాయలేడు.

నిజం చెప్పాలంటే ఏట్లో వాహన సర్వీసు ఇప్పటికే ఉంది. పడవలు కావు, ఇసుక ట్రాక్టర్లు. టైము టేబులు లేదు, టికెట్టు లేదు, నంబరు ప్లేటు కూడా ఉండాల్సిన పని లేదు. చీకటి పడ్డాక మొదలై కోడి కూసేలోపు ముగుస్తుంది. దేశంలో ఏ ప్రజా రవాణా సంస్థకూ లేని క్రమశిక్షణ! నష్టాలు లేవు, సబ్సిడీలు లేవు. ఏట్లో నీళ్లు నిలవాలంటే ఇసుక ఉండాలన్న సంగతి చదువురాని రైతుకూ తెలుసు. ఇసుక పోయిన ఏట్లో నీటి ఊట పోతుంది, ఊట పోతే ఒడ్డున బోరు ఎండుతుంది, బోరు ఎండితే ఇంకో బోరు. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టుకుని తోటంతా తిరిగే ఆయన వస్తాడు. కాయ లేచి నిలబడిన చోట వెయ్యి అడుగులు తోలితే బూడిదలాంటి దుమ్ము వస్తుంది. ఆ దుమ్ము రైతు తల మీదా, అప్పు కాగితం మీదా సమానంగా పడుతుంది.

వేరే ఊళ్లలో నీళ్ల మీద బండి నడుస్తుంది. హిందూపురంలో బండి మీద నీళ్లు నడుస్తాయి. ట్యాంకరు హారను వినపడితే వీధి వీధంతా బిందెలతో బయటికి వస్తుంది. ఎండాకాలం ఆ బిందెల వరస చూసిన పరదేశి ఎవరైనా ఇదేదో జాతర అనుకుని ఫొటో తీసుకుంటాడు. వాటర్ మెట్రో అంటే ఇదే కదా! వాటర్ వస్తుంది, ఊరంతా తిరుగుతుంది, రద్దీ వేళల్లో తోపులాట ఉంటుంది. కొచ్చివాళ్లు 2023లో మొదలుపెట్టింది మనం ఎప్పుడో మొదలుపెట్టాం. జెండా ఊపడమే మరిచిపోయాం.

అన్నట్టు, కొచ్చి రేవులు మనవాళ్లకు కొత్త కూడా కాదు. కరువు ఏళ్లలో కదిరి వైపు నుంచి కేరళకు పోయినవాళ్లు వాటిని చూసే వచ్చారు. విహారానికి పోయి కాదు, పొట్ట పట్టుకుని పోయి.

రెండో రేవు: పెనుకొండ

ఇది మామూలు ఊరు కాదు, ఘనగిరి. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధం పోయాక, హంపి తగలబడ్డాక, తిరుమలరాయలు సింహాసనాన్ని మోసుకొచ్చి నిలబెట్టిన చోటు. అంతకు ముందు రెండు వందల ఏళ్లుగా విజయనగర రాజులకు రెండో ఇల్లు. గగన్ మహల్, కొండ మీద నరసింహస్వామి, కింద బాబయ్య దర్గా, షేర్‌ఖాన్ మసీదు, పార్శ్వనాథుడి జైన గుడి, పక్కపక్కనే రాముడి గుడీ శివుడి గుడీ. అరగంట నడకలో ఇన్ని మతాలు, ఇన్ని శతాబ్దాలు దొరికే ఊళ్లు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టాలి.

ఇక్కడికి పర్యాటకుడు వచ్చాడనుకోండి. రైలు దిగుతాడు. బోర్డు కోసం చూస్తాడు. బోర్డుంటే అక్షరాలు ఉండవు, అక్షరాలుంటే బాణం గుర్తు ఆకాశం వైపు ఉంటుంది. మన సీమలో ఏ కోటకు పోయినా ఒక తాళం ఉంటుంది, ఆ తాళానికో చెవి ఉంటుంది, ఆ చెవి ఉన్న మనిషి భోజనానికి పోయి ఉంటాడు. ఆయన వచ్చేలోపు పర్యాటకుడు గోడల మీది ప్రేమలేఖలన్నీ చదివేస్తాడు. బాణంతో గుచ్చిన గుండెల్లో ఎవరి పేర్లున్నాయో చెప్పగలడు గానీ కోట కట్టిందెవరో చెప్పలేడు. ఆ ముక్క చెప్పే ఫలకం లేదు కాబట్టి. ఇంతటి సౌకర్యాలున్న చోట ఇంకా పడవ ఒక్కటే తక్కువైందని మన పెద్దలకు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరులో నీళ్లున్నాయి. ఉన్నమాట ఒప్పుకోవాలి. శ్రీశైలం వెనక మల్యాల దగ్గర కృష్ణను తోడి, మెట్టు మెట్టుకూ పంపులు పెట్టి ఎత్తి, వందల కిలోమీటర్ల కాలువలో నడిపించి, 2016లో ఇక్కడికి తెచ్చారు. హంద్రీనీవా. దీని కాగితం లెక్క 40 టీఎంసీలు, 6,02,500 ఎకరాలు. ప్రధాన కాలువ వచ్చింది. పొలం దాకా తీసుకుపోవాల్సిన పిల్లకాలువల పని చాలాచోట్ల మిగిలే ఉంది. పెద్ద కాలువ గట్టు మీద నిలబడి, కళ్ల ముందు పోతున్న కృష్ణను చూస్తూ, వేరుశనగ వాడిపోయిన రైతు ఏమనుకుంటాడో ఏ సర్వేలోనూ అడగరు.

అవే నీళ్లు చెరువులు నింపడానికి, అవే నీళ్లు పట్టణాల దాహానికి, అవే నీళ్లు ఎర్రమంచి దగ్గర కొరియా కార్ల ఫ్యాక్టరీకి. ఫ్యాక్టరీ వద్దని ఎవరంటారు? నాలుగు వేళ్లు నోట్లోకి పోతున్న ఇళ్లున్నాయి. కానీ ఆ ఫ్యాక్టరీకి పైపు వేసిన వేగం చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. మన ఇంజినీర్లకు పని రాదనేవాళ్లు ఆ పైపు చూసి సిగ్గుపడాలి. వాళ్లకు పని వస్తుంది. పిల్లకాలువ అనగానే మరిచిపోతారంతే.

ఇక రేపో మాపో అవే నీళ్ల మీద బోటింగు. జెట్టీ, నాలుగు రంగు గొడుగులు, బాతు బొమ్మ ఆకారంలో కాళ్లతో తొక్కే పడవలు, ‘ఐ లవ్’ అని రాసి ఎర్ర గుండె బొమ్మ పెట్టిన ఊరి పేరు. చక్రవర్తులు ఏలిన ఊరికి బాతు పడవ. తిరుమలరాయలు హంపి నుంచి ఏనుగుల మీద తెచ్చుకున్న ఖజానాకు ఇన్నాళ్లకు తగిన వారసత్వం దొరికింది.

మూడో రేవు: ధర్మవరం

ఇక్కడ రేవు కట్టాల్సిన పనే లేదు. ఆరేడు వందల ఏళ్ల కిందటే కట్టి ఉంచారు. క్రియాశక్తి ఒడెయరు అనే ఆయన చిత్రావతికి అడ్డం కట్ట వేసి పెద్ద చెరువు తవ్వించి, పక్కన ఊరు పెట్టి, ఆ ఊరికి తన తల్లి ధర్మాంబ పేరు పెట్టాడని కథ. ఇప్పటివాళ్లు ఒక బస్ షెల్టరు కట్టి దాని మీద తమ ఫొటో వేసుకుంటారు. ఆయన చెరువు తవ్వించి కూడా తన పేరు పెట్టుకోలేదు, అమ్మ పేరు పెట్టాడు. ఎన్నికలంటే ఏమిటో తెలియని అమాయకుడు.

ధర్మవరం అనగానే పట్టుచీర. గుంట మగ్గంలో కాళ్లు దించుకుని, నడుము వంచి, ఒక్కో పోగూ చూసుకుంటూ దినాలకు దినాలు నేసిన చీర. ఆ చీరకూ చెరువుకూ సంబంధం ఏమిటంటే, చెరువు నిండి మరువ పారితే నాయకులు వస్తారు, జలహారతి ఇస్తారు. పసుపు, కుంకుమ, పూలు, వాటితో పాటు గంగమ్మకు పట్టుచీర. చీర నీళ్లలో వదులుతుంటే కెమెరాలు క్లిక్కుమంటాయి. చీర తేలుతూ పోతుంది. ఆ చీర మీద ఒక మనిషి నడుము నొప్పి, కళ్ల మంట, షావుకారు దగ్గర బాకీ కూడా తేలుతూ పోతాయి. అవి ఫొటోలో పడవు. నీళ్లను తెచ్చింది వాన. కట్టను నిలబెట్టింది ఎప్పుడో చచ్చిపోయినవాళ్ల చేతులు. హారతి పళ్లెం పట్టుకున్న చేతులకు మాత్రం పేపర్లో నాలుగు కాలమ్‌ల ఫొటో.

అన్నట్టు చిత్రావతికి నీళ్లు రావని నేను అనడం లేదు. వచ్చినప్పుడు చెప్పకుండా వస్తాయి. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి ఒక్కసారిగా పొంగింది. ఏటి మధ్యలో 10 మంది జేసీబీ మీద చిక్కుకుపోయారు. చుట్టూ ఎర్రటి వరద, కాళ్ల కింద మట్టి తవ్వే యంత్రం. వాళ్లను ఒడ్డుకు చేర్చింది పడవ కాదు, భారత వైమానిక దళం హెలికాప్టరు. ఏడాది పొడవునా ఇసుకకూ కంపకూ వదిలేసిన ఏటికి నీళ్లొచ్చిన ఆ ఒక్కనాడు, మనుషుల్ని దాటించే సాధనం ఆకాశం నుంచి దిగాల్సి వచ్చింది. ఆ ఏటి మీద ఇప్పుడు విహారానికి పడవలు కావాలట! నీళ్లు లేనప్పుడు బాతు పడవ, నీళ్లున్నప్పుడు హెలికాప్టరు. ప్రజా రవాణా అంటే ఇదీ.

ప్రయాణికులకు నిబంధనలు

ఒకటి. ప్రయాణికులు తమ నీళ్లు తామే తెచ్చుకోవాలి. తాగడానికి కాదు, పడవ కింద పోయడానికి.

రెండు. ఏట్లో నీళ్లు లేని నెలల్లో, అనగా జూన్ మొదలు మే ఆఖరు వరకు, ప్రయాణికులు దిగి పడవను తోయవలెను. తోసిన దూరానికి ఛార్జీ తగ్గింపు ఉండదు. పైగా మోసే పని కూడా పడవచ్చు.

మూడు. లైఫ్ జాకెట్టు తప్పనిసరి. మునుగుతారని కాదు, ఇసుక గుంతలో పడితే మెత్తగా ఉంటుందని.

నాలుగు. రాత్రి సర్వీసు లేదు. ఆ వేళ ఏరు ఇతరుల స్వాధీనంలో ఉంటుంది. ఎవరని అడగరాదు.

ఐదు. వాన కోసం గాడిదల పెళ్లి జరిగిన రోజునా, విరాటపర్వం చదివించిన వారంలోనూ టికెట్టు మీద 10 శాతం ఆధ్యాత్మిక సర్‌ఛార్జి.

ఆరు. ప్రమాదం జరిగితే కమిటీ వేయబడును.

ఈ ఆరోది నవ్వడానికి రాసింది కాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయినవాళ్ల పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగి 50 మంది దాకా పోయారు. ఆ పడవను బయటికి తీయడానికి నెల దాటింది. చివరికి తాళ్లూ అనుభవమూ పెట్టుబడిగా తీసుకొచ్చి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. నీళ్లకు లోటులేని కోస్తాలో, తరతరాలుగా పంట్లూ లాంచీలూ నడిచిన గోదావరిలోనే మన పడవ పాలన ఇది. పడవకు ముందు ఉండాల్సిన తనిఖీ పడవ మునిగాక వస్తుంది. ఇక ఇక్కడ, ఏరు ఏ ఏడు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేని చోట, ఆ పాలనను తెచ్చి దింపాలని ఉబలాటం.

2024 నవంబరు 9న విజయవాడ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరి చూపించింది. నీళ్ల మీద లేచి నీళ్ల మీద వాలింది. సంతోషం. శ్రీశైలం నీళ్ల మీద విమానం వాలిన వార్త చదివిన సీమవాడికి వచ్చే సందేహం ఒక్కటే. ఆ నీళ్లు మావైపు ఎప్పుడు వాలతాయి?

రాయి మీద రాసి పెట్టినవాళ్లు

ఇప్పుడు వెక్కిరింత పక్కన పెట్టి ఒక రాయి దగ్గరికి పోదాం. కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక చెరువు శాసనం ఉంది. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. అంతటితో ఆగలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన లక్షణాలు 12, ఉండకూడని దోషాలు 6 అని లెక్కగట్టి చెక్కించారు. కట్ట నుంచి నీరు కారడం దోషం. చవుడు నేల దోషం. చెరువు మధ్యలో మిట్ట ఉండటం దోషం. నీళ్లు తక్కువై పారాల్సిన భూమి ఎక్కువ కావడం దోషం. నీళ్లు ఎక్కువై భూమి తక్కువ కావడమూ దోషమే. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం దోషం.

ఇప్పుడు మన మూడు రేవుల్నీ ఆ రాయి ముందు నిలబెట్టండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 552 మిల్లీమీటర్లే. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపుతాయి, ఈశాన్య మేఘం సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేలోపు అలిసిపోతుంది. అంటే నీళ్లు తక్కువ, భూమి ఎక్కువ. పెన్న, చిత్రావతి రెండూ కర్ణాటకలో పుట్టి మనవైపు దిగేవే, అంటే సరిహద్దు దోషం. ఈ గొడవ ఎంత పాతదంటే, 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు ఈ నదుల పేర్లు రాసుకుని మరీ ఒప్పందం చేసుకున్నాయి. ఈ దోషాలన్నీ తెలిసి కూడా ఆ కాలంవాళ్లు ఇక్కడే కట్టారు. బుక్కరాయసముద్రం కట్టారు, అనంతసాగరం కట్టారు, బుక్కపట్నం చెరువు కట్టారు, పరిగి చెరువు కట్టారు. ఏరు నమ్మదగింది కాదని తెలుసు కాబట్టే ఒక చెరువు మరువ పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేలా గొలుసు అల్లారు. కట్ట కాపాడినవాడికి దశబంధం మాన్యం ఇచ్చారు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంత పారాలో చూడటానికి నీరుగంటిని పెట్టారు. సముద్రానికి ఇన్ని వందల మైళ్ల లోపల కూచుని, తవ్విన చెరువుకు ‘సముద్రం’ అని పేరు పెట్టుకున్న మొండివాళ్లు వాళ్లు. సముద్రం రాకపోతే మేమే కట్టుకుంటాం అన్నారు, కట్టుకున్నారు.

ఈ ఎండిన నేలలో ఊళ్లకు నీళ్ల ఒడ్డు దొరికింది అట్లా. దేవుడు ఇచ్చింది కాదు, మనుషులు తట్టలతో మోసుకుని తెచ్చుకున్నది. మన తరం దానికి చేర్చిన సొమ్ము ఏమిటి? ఆ ఆరు దోషాలకు ఇంకో నాలుగు కలిపాం. ఏడోది, చెరువుకు నీళ్లు తెచ్చే వంకలో ప్లాట్లు వేయడం. ఎనిమిదోది, చెరువు శిఖం భూమికి పట్టా పుట్టించడం. తొమ్మిదోది, ఊరి మురికినంతా తిప్పి చెరువులోకి వదలడం. పదోది, ఈ మూడూ చేసినాక మిగిలిన గుంతలో పడవ వేసి ‘అభివృద్ధి’ అని బోర్డు కట్టడం. ఆరు వందల యాభై ఏళ్ల నాటి రాయి మీద కొత్త దోషాలు చెక్కించడానికి చోటు లేదు. కాబట్టి ఫ్లెక్సీ వేయిద్దాం. ఫొటోలకు కొరత రాదు.

చూడాలనుకునేవాడికి చూపించండి, చాలు

ఊళ్లు చూడటానికి మామూలు జనం ఎక్కే బండే మంచిదన్న మాటలో నిజం ఉంది. ఇస్తాంబుల్ పడవలో ఉన్న గొప్ప అదే, అది పర్యాటకుల కోసం వేసింది కాదు. జనం కోసం వేసింది, చూడవచ్చినవాడు అందులో ఎక్కుతాడు. మనకూ అట్లాంటిది ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడింటినీ కలిపే ప్యాసింజరు రైలు. బెంగళూరుకు కూలికి పోయే మేస్త్రీ, పూలబుట్టల ఆడవాళ్లు, చీరల మూట కాళ్ల దగ్గర పెట్టుకున్న నేతగాడు, కాలేజీ పిల్లలు అందరూ అందులోనే. పల్లెవెలుగు బస్సులు ఉన్నాయి. కిటికీ పక్కన సీటు దొరికితే కొండలు, బండలు, కోట గోడలు, ఎండిన చెరువులు, నిండిన కాలువ అన్నీ కనపడతాయి. సీమ చరిత్ర మొత్తం కనపడుతుంది, కనపడకూడదనుకున్నది కూడా.

పర్యాటకం కావాలంటే ఆ స్టేషన్ల నుంచి కోటకూ, గుడికీ వేళకు పోయే ఒక బస్సు వేయండి. అక్కడ తాగడానికి ఒక కొళాయి పెట్టండి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టండి, కట్టి తాళం వేయకండి. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అని తెలుగులో తప్పుల్లేకుండా ఒక ఫలకం పెట్టండి. ఇవన్నీ కలిపినా ఒక జెట్టీ ప్రారంభోత్సవానికి వేసే షామియానా ఖర్చు కాదు. అందుకే కాబోలు ఎవరూ చేయరు. కమీషను గిట్టుబాటు కాని పని మన దగ్గర అభివృద్ధి కిందికి రాదు.

నీళ్ల మీద పడవ కావాలంటే ముందు నీళ్లు, నీళ్లకు ముందు చెరువు, చెరువుకు ముందు వంక. పూడిక తీయండి, తూము బాగుచేయండి, మరువకు అడ్డం కట్టిన గోడలు కూల్చండి, పిల్లకాలువలు తవ్వండి, ఏట్లో ఇసుకను ఏట్లోనే ఉంచండి. ఇవి అయ్యాక పడవ కోసం మీరు టెండరు పిలవక్కర్లేదు. నీళ్లుంటే పుట్టి వేసుకోవడం మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక చదువరులకు ఒక మాట. ఈసారి మీ ఊరికి ఎవరైనా వచ్చి, రంగుల బొమ్మలో బాతు పడవ చూపించి, చప్పట్లు కొట్టమంటే కొట్టండి, మర్యాద పోగొట్టుకోవద్దు. కొట్టిన తర్వాత ఒక్కటే అడగండి: “అయ్యా, మా చెరువుకు నీళ్లొచ్చే వంక ఎక్కడుందో చూపిస్తారా?” రెవెన్యూ మ్యాపు పట్టుకుని ఆయన వెంటే నడవండి. ఆ వంక ఎవరి కాంపౌండు గోడ దగ్గర ఆగిపోతుందో అక్కడే పడవ శంకుస్థాపన చేయించండి.